ఖాళీ కాని చోటు

మూడో రోజు కూడా కంప్యూటర్‌లో ఫైలు సైజు వీసమెత్తైనా తగ్గలేదు.

కృపావతికి ఆ కంప్యూటర్‌ని ఎత్తుకెళ్లి జంగ్లీఘాట్ సముద్రంలో పడేయాలనిపించింది.

"నలభై విడతలు నడిపాను. ఒక్క విడతకైనా తగ్గాలి కదా! నాతో ఏం పంతం దీనికి?" అని పైకే తిట్టింది.

పంతం కంప్యూటర్‌ది, ఉద్యోగం ఆమెది. తెలుగు కుటుంబాల సంఘం ఆఫీసులో ఇంకా తాత్కాలికమే. ఈ సాయంత్రానికి పరీక్ష నెగ్గితే ఖాయం చేస్తానన్నారు కార్యదర్శి జ్ఞానయ్య.

పరీక్ష చెప్పుకోవడానికి చిన్నదే. ఓడలెక్కి ఈ దీవులకొచ్చి స్థిరపడిన కుటుంబాల జాబితాతో ఆ పాత కంప్యూటర్ నిండిపోయింది. డేటాబేస్‌లో పేరు తీసేసినా అది ఉన్న చోటు డిస్కుకు తిరిగి రాదు, ఉత్తినే పడి ఉంటుంది. ఆ ఖాళీని కొంచెం కొంచెంగా, మిగతా పని ఆగకుండా రాబట్టొచ్చో లేదో చూడాలి. వస్తే కొత్త కుటుంబాలను ఎక్కించొచ్చు. ఈ జాబితాలో పేరుంటేనే, పిల్లలు ఈ దీవులవాళ్లేనని గుర్తింపునిచ్చే ఐలాండర్ కార్డుకు సంఘం ఉత్తరమిస్తుంది మరి.

చోటు రాబట్టాలంటే ముందు ఏవో పేర్లు తీసేయాలి. రెండేసిసార్లు పడ్డవాటిని ఏరింది కృపావతి. అప్పలరాముడు, వెంటనే చి. అప్పలరాముడు. యర్రమ్మ, వెంటనే చి. యర్రమ్మ. ఆమెకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడమంటే కూడబలుక్కోవడమే. అయినా పెళ్లికార్డుల్లో చూసిందిగా, చి. అంటే చిరంజీవి! మనిషి ఒక్కరే, పైన మర్యాద తగిలించారంతే. చి. ఉన్న వరసలన్నీ సోమవారం మధ్యాహ్నం తీసిపారేసింది.

కాపీ ఒకటి పెట్టుకోవచ్చుగా అంటారా? కాపీకి చోటుంటే ఈ గోలంతా దేనికి? కాగితం రిజిస్టర్లు సునామీలో కొట్టుకుపోయాక మిగిలింది ఇదొక్కటే.

ఇది చాలదన్నట్టు, గుమ్మం పక్క, అదే జాబితాకు కలిపిన రెండో కంప్యూటర్ ముందు ఒక ముసలాయన. సోమవారం పొద్దున్నే దిగాడు.

"జ్ఞానయ్య బాబు పంపినాడమ్మా. లిస్టు సూపించమన్నాడు."

తెరిచి కూర్చోబెట్టింది. పేరైనా అడగలేదు. ఫ్యాను గాలికి వచ్చే బాపతనుకుంది. ఆయన తెరకు కళ్లప్పగించి నోటుబుక్కులో ఏదో గీక్కుంటూనే ఉన్నాడు. సాయంత్రం వెళ్తూ, "ఆపకమ్మా, రేపొత్తాను" అనేవాడు.

విసిగిపోయి చెన్నైకి ఫోన్ చేసింది. ప్రోగ్రాం రాసిన సుందర్‌రాజ్ అక్కడే ఉంటాడు.

"భయ్యా, చోటు వెనక్కి రావట్లేదు. పాగల్ అయిపోతున్నాను."

"ఎవరో పాత లిస్టు తెరిచి పెట్టుకున్నారు, చూడు. నువ్వు తీసేసినా వాళ్ల తెర మీద ఆ పేర్లు ఇంకా ఉంటాయి. చూసేవాళ్లుండగా డేటాబేస్ ఆ చోటు వదలదు."

కృపావతి గిరుక్కున గుమ్మం వైపు తిరిగింది.

"తాతా! మూడు రోజులుగా నా ప్రాణం తీస్తున్నది మీరా?"

"నానేటి సేసినానమ్మా?"

"అది బంద్ చెయ్యండి. అభీ, ఇప్పుడే!"

"రెండు పేజీలే తల్లీ. నాలుగింటికి వైజాగ్ షిప్పు. ఈలోగా అయిపోద్ది."

"నా పని కూడా నాలుగింటికల్లా అవ్వాలి!"

"కాదమ్మా, ఈ పేర్లు ఏటంటే..."

"బాద్ మే తాతా, తర్వాత!"

చెయ్యి చాచి జాబితా మూసేసింది.

ముసలాయన కలానికి మూత పెట్టుకున్నాడు. నోటుబుక్కు బల్ల మీదే ఉంచి, సంచి పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఫైలు తగ్గసాగింది. విడతకు ఇంతని బుద్ధిగా తగ్గుతూ, నలభయ్యో విడతకు ఖాళీ అంతా ఇచ్చేసింది. పీడ విరగడైందని కృపావతి ఊపిరి పీల్చుకుంది.

అయిదింటికి జ్ఞానయ్య రంగత్ ఊరి నుంచి తిరిగి వచ్చారు.

"నెగ్గింది సార్!"

"శభాష్. నూకయ్యగారు పని ముగించారా?"

"ఆ తాతా? ఆయనకేం పని సార్?"

"ఒకే పేరున్నవాళ్లలో ఎవరెవరో విడదీసి రాసిమ్మన్నాను. మన పాతవాళ్లు అన్నకీ తమ్ముడికీ, అక్కకీ చెల్లెలికీ కూడా ఒకే వేల్పు పేరు పెట్టేవారు. రిజిస్టర్‌లో చిన్నవాళ్లకి చి. అని గుర్తు. చి. అంటే చిన్న."

కృపావతి నోటుబుక్కు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

జ్ఞానయ్య పైకి చదివారు. చిన్న అప్పలరాముడు, ఎక్కిన ఓడ, దిగిన ఏడు, పిల్లల పేర్లు. చిన్న యర్రమ్మ, ఆమె వివరాలు. తను తీసేసిన మనుషులంతా వరసగా ఉన్నారు. జాబితా చివరి పేర్లకని వదిలిన రెండు పేజీలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"నేను తీసేశాను సార్. అందరినీ." ఏడుపొచ్చేసింది ఆమెకు. "మిగతావాళ్లను ఆయనకు ఫోన్ చేసి అడుగుదాం."

"ఎంతమందిని గుర్తుపెట్టుకుంటారమ్మా? అప్పుడాయన జెట్టీ గుమాస్తా. ఓడ దిగిన ప్రతి మనిషినీ ఆ రిజిస్టర్‌లో రాసింది ఆయనే."

కృపావతి ఆ తెల్ల పేజీల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

వచ్చినవాళ్లందరినీ రాసేశాకే, జాబితాలో చిట్టచివర, ఆ గుమాస్తా తన పేరు కూడా రాసుకున్నాడట: చి. నూకయ్య.