మెట్టకి ఈ పక్క

"ఘటం నువ్వే ఎత్తాలి," అన్నాడు పెదబాబు. "అమ్మోరిని ఊళ్లోకి తెచ్చినోళ్లే ఆవిణ్ని కుండలో మోసి పొలిమేర దాటించాలి. అది మన రివాజు."

రాజ్యం చంకలోని పిల్లని ఇంకాస్త గట్టిగా అదుముకుంది. రెండేళ్ల చిన్నమ్మి పొద్దుటినుంచి ఏడవడం లేదు. అదే రాజ్యం ప్రాణం తోడేస్తోంది. నిన్నటిదాకా వాంతయినప్పుడల్లా ఏడ్చింది. ఇవాళ పెదాలెండిపోయి, తడిగుడ్డలా భుజం మీద వేలాడుతోంది.

పెదబాబు ఊరికి పెద్ద. అతని వెనక వాకిలి నిండా జనం. అందరూ రాజ్యాన్ని పుట్టినప్పటినుంచి ఎరిగినవాళ్లే. ఇవాళ ఒక్కరూ గడప తొక్కలేదు.

"నేనేటి తెచ్చేను పెదనాన్నా?"

"ఇంకా అడుగుతన్నావా? నువ్వొచ్చి నెల తిరక్కుండా గెడ్డలో చేపలు ఎల్లకిలా తేలేయి. నా గేదె ఆ నీళ్లు తాగి కాళ్లు తన్నుకుంది. ఇప్పుడు ఇంటికో పసిగుంట మంచమెక్కింది. నువ్వు రాకముందు ఇవేటైనా ఉన్నాయా? నువ్వే సెప్పు."

లేవు. ఆ సంగతి రాజ్యానికీ తెలుసు.

ఆమె అత్తవారూరు ఊరి వెనకున్న కొండకి, ఆ మెట్టకి, ఆ పక్కన. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు అక్కడ ఒక షావుకారు పంచదార మిల్లు పెట్టాడు. మిల్లు మురుగు ఆ ఊరు నీళ్లు తాగే వాగులో, గెడ్డలో పడింది. పోయినేడు ఆ నీళ్లే తాగి రాజ్యం పెద్దకొడుకు పోయాడు. షావుకారు ఆ ఊరి చెరకంతా కొన్నాడు గాని, ఆ గుంటడి పాడె వైపు కన్నెత్తి చూడలేదు. మిగిలిన ఈ ఒక్కదాన్నైనా దక్కించుకుందామని రాజ్యం బండి కట్టించుకుని, చోడవరం మీదుగా మెట్టంతా చుట్టి కన్నవారింటికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఇక్కడి గెడ్డలో అడుగున గులకరాళ్లు కనిపించేవి.

"నీళ్లే పెదనాన్నా. మా ఊళ్లోనూ ఇదే కంపు, కుళ్లిన బెల్లం కంపు. ఆ నీళ్లు ఎవుర్నీ తాగనియ్యకు."

గుంపులో ఎవరో నవ్వారు. "మిల్లు ఆ పక్కుంటే మురుగు ఈ పక్కకెలాగొస్తాది? మేకపిల్లలాగ మెట్టెక్కి దిగుతాదేటి?"

నీళ్లు కొండెక్కవు, నిజమే. మరి ఆ కంపు ఇక్కడికెలా వచ్చింది? ఎగువకెళ్లి చూసొచ్చే మొగాడు కూడా లేడు. అమ్మోరు అటే తిరుగుతోందని ఒక్కడూ మెట్ట వైపు అడుగెయ్యడం లేదు. కొడుకుని మింగింది చాలక, అమ్మోరు కూతురి కోసం తన బండిలోనే ఎక్కి వచ్చిందా? మొదటిసారిగా ఆ మాట నిజమేనేమో అనిపించింది.

"పొద్దు వాలేలోగా ఘటం పొలిమేర దాటాలి," అన్నాడు పెదబాబు. "పిల్లని కూడా ఎత్తుకుపో. ఎనక్కి తిరిగి సూడకు. మళ్లీ రాకు."

చివరి మాట ఆమె మొహం చూడకుండా అన్నాడు. అతని మనవడూ మంచం మీదే ఉన్నాడు.

జనం వెళ్లాక తల్లి అచ్చియ్యమ్మ కొత్తకుండ తెచ్చి పసుపు రాయడం మొదలుపెట్టింది.

"అమ్మా, నువ్వూ అదే అనుకుంటన్నావా?"

"నాకేటి తెలుసే గుంటా." అచ్చియ్యమ్మ తల ఎత్తలేదు. "వాళ్లు ఇల్లు కాల్చకుండా ఉంటే అదే సాలు."

ఘటం మోసిన మనిషిని పొరుగూళ్లవాళ్లు కర్రలు పట్టుకుని తరుముతారు. రాజ్యం చిన్నప్పుడు చూసింది. మెట్టకి ఆ పక్క వెళ్తే నల్లనీళ్లు. ఈ పక్క ఉంటే ఈ మనుషులు. మధ్యలో పిల్ల ఊపిరి ఒకటి, ఉందో లేదో తెలియకుండా.

కుండలో వేపమండలు పెడుతుండగా వాకిట్లోంచి పిలుపొచ్చింది.

"రాజ్యం, ఒసే రాజ్యం."

మొగుడు బంగార్రాజు. మోకాళ్లదాకా నల్లటి బురద, అరచేతుల నిండా బొబ్బలు. కొడుకు పోయాక అతని మొహంలో నవ్వు చూడడం ఇదే మొదలు.

"మూట కట్టు, మనింటికెళిపోదాం. మన గెడ్డ బాగుపడిపోయింది. అడుగున ఇసక కనిపిస్తంది."

"మిల్లు మూసీసేరా?"

"మూస్తాడేటి షావుకారు. గేటుకడ్డంగా ఊరంతా పడుకున్నాం. దిగొచ్చేడు. ఇంక మన గెడ్డలో ఒక్క సుక్క కూడా వదలడు."

రాజ్యం గోడకి చేరబడిపోయింది. నీళ్లున్నాయి. వెళ్లడానికి ఒక చోటుంది. పిల్ల బతుకుతుంది.

అచ్చియ్యమ్మ చెంబుతో అల్లుడి కాళ్ల మీద నీళ్లు పోసింది. బురద జిడ్డులా పట్టుకుంది, వదల్లేదు.

"ఎప్పుడు బయల్దేరేవు బాబూ?"

"ఇందాకే, అంబలి తాగి."

"ఇందాకేటి?" అంది రాజ్యం. "బండి మీద చోడవరం చుట్టి రావాలంటే పూటంతా పడతాది కదా."

"చుట్టెందుకే? మెట్టకి గండి కొట్టి మిల్లు మురుక్కాలవ ఈ పక్కకి తవ్వేం, ఆ గట్టెమ్మటే వచ్చీసేను."