మక్కలు ఆరబోసిన రోడ్డు

సైకిల్ షికార్ల కోసం ఊరి రోడ్డును ప్రశాంత మార్గంగా మార్చారు. చప్పుడు విని ఇంటి ముందరి స్తంభం మీద ఎర్రదీపం వెలిగితే, ఆ ఇంటిని మనుషులతో సహా తెల్లారేసరికి ఎత్తేస్తున్నారు. అందుకే లచ్చవ్వ కోళ్లను అమ్మేసింది, మనవరాలి పట్టీలు విప్పేసింది. మక్కలు మాత్రం ఎప్పట్లాగే రోడ్డు మీదే ఆరబోసింది. గింజలేం చప్పుడు చేస్తాయిలే అనుకుంది.

పొద్దున్నే వచ్చిన సైకిలు ఆ గింజల మీద జారి దభాలున పడింది. పట్నం అమ్మాయి కెవ్వుమంది. లచ్చవ్వ ఉరికొచ్చి ఆమె నోరు మూసింది.

"అరవకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత," అంది గుసగుసగా.

అమ్మాయి మోకాళ్లు దులుపుకుని లేచి, చుట్టూ చూసి నవ్వింది. "పర్లేదమ్మా. పోయిన వారం ఇక్కడ వరసగా ఇళ్లుండేవి. ఇప్పుడెంత హాయిగా ఉందో!"

లచ్చవ్వ చూపు ఆమె మీద లేదు. గుమ్మం ఎదుట దీపం ఎర్రగా వెలిగింది. లోపల మనవరాలు ఇంకా నిద్రలోనే ఉంది.