ములాములా నిద్రపోయిన రాత్రి

నా ఒళ్ళో ఉన్న బిడ్డ నేను కన్న బిడ్డ కాదేమోనని నా భయం. ఇంతకన్నా పెద్ద భయం నాకు లేదు.

ఎడారిలో మా గుడారం వెనక రాళ్ళ సందులో ఒక ములాములా పిట్ట ఉండేది. నల్లటి ఒళ్ళు, తెల్లటి నెత్తి. గూటి ముందు గులకరాళ్ళు పేర్చుకునేది. మేక అరిచినా గిన్నె మోగినా ఆ గొంతు పట్టేసేది.

ఆ రాత్రి రాళ్ళలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. నా కొడుకేమో నా పక్కనే నిద్రపోతున్నాడు.

"ములాములాయేలే. నీ కొడుకు దగ్గరే నేర్చుకుంది," అంది అమ్మ, అటు తిరుగుతూ. "వాడికంటే అదే నయం, పాలడగదు. పడుకోవే."

"పొద్దుగూకితే అది నోరు విప్పదు కదే అమ్మా!"

అమ్మ అప్పటికే గురక పెడుతోంది. ఏడుపు ఆగలేదు. నా పాలు వాటంతటవే కారి బట్ట తడిసింది. ఇక ఉండలేక, చేతికందిన కత్తి, టార్చి లైటు పట్టుకుని వెళ్ళాను.

సందులో ములాములా రెక్కలో తల దూర్చి నిద్రపోతోంది. నేను చూస్తుండగానే ఏడుపు ఆగిపోయింది. అప్పుడు చూసుకున్నాను కత్తిని. పేరు పెట్టేదాకా ఎడారి దయ్యాలు బిడ్డను ఎత్తుకెళ్ళి తమ బిడ్డను పెట్టకుండా, తల దగ్గర ఇసుకలో గుచ్చి ఉంచే కత్తి అది.

పరుగెత్తాను. బిడ్డ కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. ఆ రాత్రి నుంచి ఆకలేసినా ఏడవడు.

మేం గుడారం ఎత్తి వచ్చేశాం. మీరు ఆ రాళ్ళ వైపు వెళితే పొద్దుగూకాక కాసేపు ఆగండి. ఏడుపు వినిపిస్తే పిట్టేలే అనుకోకండి. ఒక్కసారి వెళ్ళి వాణ్ణి చూడండి.