రేటు పెరగని ఇల్లు

"ఇల్లు మీదేనమ్మా! ఓనరు ఒప్పుకున్నడు."

ఫోన్లో జయరాజ్ అంకుల్ మాట వినగానే బ్లెస్సీ చేతిలోని అట్లకాడతో సహా గిర్రున తిరిగింది. పెనం మీద దోసె మాడిపోయింది. మాడిన దోసెనే మొగుడూ పెళ్లాలు చెరో ముక్కా నవ్వుకుంటూ తిన్నారు. ఒంటిగది కిరాయి కొంపలో కొత్త కాపురం వాళ్లది. ఆ ఏడు, 2007లో, పెనుబల్లిలో సొంత ఇల్లంటే మాటలా మరి!

సాయంత్రం జయరాజ్ వాళ్లను ఆ వీధికి తీసుకెళ్లాడు. ఆయన చర్చి పెద్ద. ఊళ్లో ప్రతి గోడ కథా ఆయనకు తెలుసు.

"మా పెళ్లైన కొత్తల ఈ వీధిల ఇల్లు ఊరికె ఇస్తమన్నా తీసుకునేటోళ్లు లేరు. అశ్వారావుపేటల పామాయిల్ మిల్లు వచ్చింది, జర పెరిగింది. రోడ్డు వెడల్పయ్యింది, ఇంకింత పెరిగింది. ఇప్పుడు సత్తుపల్లిల బొగ్గు తవ్వుతుండ్రు. ఇగ పట్టపగ్గాల్లేవు."

"మరి అన్ని ఇళ్లకూ తాళాలేంది అంకుల్?" బ్లెస్సీ భర్త క్రాంతికుమార్ అడిగాడు.

"ఉండనీకి కొన్నోళ్లు గాదు బాబూ, రేటు పెరగనీకి కొన్నోళ్లు. వాళ్లు కొన్నకొద్ది పెరుగుతది. పెరిగినకొద్ది ఇంకోడు వచ్చి కొంటడు."

"అయితే మాకెట్ల ఇంత తక్కువల వచ్చింది?"

జయరాజ్ గొంతు తగ్గించాడు. "చూడనీకి ఎవరి కారు వచ్చినా, వెనక వరండాల దయ్యం కనపడుతదట."

"పేరేంది అంకుల్ దయ్యానికి?" బ్లెస్సీ కిసుక్కున నవ్వింది.

మర్నాడు చీపురూ, గిన్నెల మూటా పట్టుకుని ఒక్కతే వచ్చింది.

వెనక వరండాలో ఎవరో కూర్చుని ఉన్నారు.

ముఖమంతా పసుపు. విరబోసిన తెల్లజుట్టు. దూలానికి చీరగుడ్డ ఉయ్యాల కట్టి, అందులో లేని బిడ్డకు ఏదో అడవి భాషలో జోల పాడుతోంది.

బ్లెస్సీ చేతిలోంచి చీపురు జారింది.

జోల ఆగింది.

"ఉంటరా బిడ్డా? తాళమేస్తరా?"

"ఉం... ఉంటం అవ్వా. రేపటి నుంచే. గిన్నెలు గూడ తెచ్చుకున్న."

ముసలామె ఆ మూట వైపు తేరిపార చూసింది. కొంగుతో ముఖం మీది పసుపు తుడుచుకుంది. జుట్టు ముడి వేసుకుంది. క్షణంలో మామూలు అవ్వ అయిపోయింది.

"నన్ను జంపక్క అంటరు. వానకాలం ఈ వరండాల పండుకుంటా బిడ్డా. ఇంట్లకు రాను."

ఆ రాత్రి బ్లెస్సీ ఇదంతా మొగుడికి అభినయించి మరీ చెప్పింది. క్రాంతి నవ్వలేదు.

"దయ్యం ఇంకా ఉందంటే మన ఇంటికి ఎన్నటికీ రేటు రాదు బ్లెస్సీ. ఆమె పోయిందంటే చూడు, మూడింతలైతది."

"మనం అమ్ముతమా ఏందండీ?"

"అమ్మం. అయినా పెరగాలె గద."

పెరగాలె గద! ఆ మాట బ్లెస్సీకీ తియ్యగానే ఉంది.

వరండాకు గ్రిల్లు పెట్టించారు. తాళం తనే బజారంతా తిరిగి ఏరుకొచ్చింది. బుల్లి ఇత్తడి తాళం, చేప బొమ్మ ఉన్న కీచైను. సొంత ఇంటికి మొదటి తాళం! వేసి, తీసి, మళ్లీ వేసి మురిసిపోయింది.

పొద్దుగూకే వేళ జంపక్క చంకలో మూటతో వచ్చింది. గ్రిల్లు ముందు ఆగి, తాళాన్ని వేలితో తడిమింది.

"మీరు గూడ ఏసిండ్రా బిడ్డా."

అంతే. తిట్టలేదు, బతిమాలలేదు. మెల్లగా వీధి చివరికి నడిచిపోయింది.

ముసురు పట్టింది. కిటికీలన్నీ మూసినా బ్లెస్సీకి ఉయ్యాల కిర్రుకిర్రుమంటూనే ఉంది. లేచి చూస్తే వరండాలో ఏమీ లేదు. పడుకుంటే మళ్లీ అదే చప్పుడు.

వాన వెలిసిన పొద్దున వీధి చివర జనం మూగారు. తాళం వేసిన పెద్ద ఇంటి గోడ వారగా, మూట తల కింద పెట్టుకుని ముడుచుకుని ఉంది జంపక్క. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. క్రాంతి వెళ్లి తమ పెళ్లి దుప్పటి తెచ్చి కప్పాడు.

మట్టి చేసి వచ్చాక కూడా పక్కింటి యశోద ఏడుపు ఆపలేదు.

"నీకేమైతది అక్కా ఆమె?"

"ఏమీ గాదు. మేం కొన్నప్పుడు మా ఇంటికి గూడ దయ్యముండె బ్లెస్సీ. అందుకే మాబోటోళ్లకు దొరికింది."

బ్లెస్సీ దగ్గరికి జరిగింది. "ఎదురింటి దేవ్లా వాళ్లకు?"

"వాళ్లింట్లనూ ఉండె. లిదియా టీచరమ్మ ఇంట్ల గూడ. కార్లల్ల వచ్చినోళ్లను బెదరగొట్టేది. గిన్నెలతోటి వచ్చినోళ్లను చూస్తే జుట్టు ముడేసుకునేది. ఆ చివరి ఇల్లుంది చూడు, ఆమె గుడిసె ఉన్న జాగ అది. పీకేసి ఇల్లు కట్టిండ్రు. ఒక్కనాడన్నా ఎవరూ వచ్చి ఉండలే."

బ్లెస్సీ వీధిలోకి చూసింది. మసక చీకట్లో పొడుగునా నల్లటి కిటికీలు. దీపం వెలుగుతున్న ఇళ్లు నాలుగే. నాలుగూ జంపక్క పట్టిన ఇళ్లే.

లేచి వెళ్లి గ్రిల్లు తాళం తీసింది. కీచైనుతో సహా కాలవలోకి విసిరేసింది.

"ఆ చివరి ఇల్లు గూడ అమ్మకానికి పెట్టిండ్రట," యశోద ముక్కు చీదింది. "మన ఆటో నాగరాజు పిల్లలతోటి కిరాయి గదిల ఇరుక్కున్నడు, ఆ ఇంటికోసం తిరిగి తిరిగి అలిసిపోయిండు. రేపు పొద్దున విజయవాడ కారు వస్తదట, చూడనీకి."

బ్లెస్సీ వచ్చి యశోద పక్కన కూర్చుంది. తర్వాత జడలోని పిన్నులు ఒక్కొక్కటే తీసింది.

"యశోదక్కా, రేపు పొద్దున జర పసుపు ఇస్తవా?"