ఏడు కార్డులు

"ఏం పాత్ర ఎంచుకున్నావే అక్కా! ఒక్క కత్తి కార్డు లేదు, అన్నీ మందులూ కట్లేనా?"

నెల రోజులుగా మేమిద్దరం జంటగా ఆడుతున్న కార్డుల వీడియో గేమ్ అది. ఒక్కసారీ ఓడలేదు. అంతా నా వీరుడి చలవేనని ఇల్లంతా డప్పు కొట్టుకున్నాను.

అక్క ఫోనెత్తడానికి వెళ్ళగానే ఆమె కట్టలోంచి ఏడు కార్డులు పీకేసి, వాటి బదులు బాణాలు పెట్టాను.

తిరిగొచ్చి చూసుకుంది. "సరే, నీ ఇష్టం" అంది.

మూడో ఎత్తుకే నా వీరుడు కుప్పకూలాడు.

"ఎప్పుడూ ఇలా కాలేదే!"

"నీకు దెబ్బ తగిలినప్పుడల్లా నేను వేసినవి ఆ ఏడేరా" అంది అక్క, మెల్లగా.

పడిపోయిన వీరుడి మీద నేను పెట్టుకున్న పేరు ఇంకా మెరుస్తోంది: అజేయుడు.

అక్క తెర వైపు చూసేలోగా దాన్ని ఆపేశాను.