చప్పిడి పథ్యం

మానసిక ఆసుపత్రి వార్డులో గౌరి అన్నంలో పక్కమంచం మామ్మ ఏదో చల్లుతూ నర్సు ఝాన్సీ కంటబడింది.

"ఏటి మామ్మా అది? సెయ్యి తెరువు."

అరచేతిలో ఉప్పు.

గౌరి తల్లి తవిటమ్మ నెత్తి బాదుకుంది. "మందు పనిసెయ్యాలని పిల్లకి నెల్లాళ్ళుగా సప్పిడి పథ్యం పెడతన్నాను తల్లీ! నరసన్నపేట నించి రోజూ బస్సులో కేరేజీ మోస్తన్నాను. ఈ పిచ్చిది అంతా పాడుసేసీసింది!"

"ఊరుకో తవిటమ్మా," అంది ఝాన్సీ. "మొన్న ఫేనుకి బాప్తిస్మం ఇస్తానని నీళ్ళు సల్లింది. ఇయ్యాల నీ కూడుకి ఉప్పేసింది."

వార్డంతా నవ్వింది. మామ్మ కూడా నవ్వింది.

ఆమె పేరు సుందరి అని మాత్రం తెలుసు. కొత్తవలస స్టేషన్లో తిరుగుతుంటే పోలీసులు తెచ్చి దిగబెట్టారు. చూడ్డానికి ఎవరూ రాలేదు.

"ఆ పిల్ల మింగేది లిథియం బిళ్ళ," అంది మామ్మ. "ఉప్పు మాన్పించకూడదు. సేతులు సూడు, ఎలా వణుకుతన్నాయో. పొద్దున్న కక్కింది కూడా. రక్తం తీయించు తల్లీ."

"బిళ్ళల సంగతి నీకేటి తెలుసు?"

"సదువుకున్నాను."

"ఎవరి దగ్గర? ఫేను దగ్గరా?"

మళ్ళీ నవ్వులు. ఝాన్సీ గౌరి చేతులు చూసింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, నీరసం అనుకుంది. నలభై మంది రోగులకు తనొక్కతే నర్సు.

మామ్మను చివరి మంచానికి మార్చింది. ఆమె వెళ్తూ వెళ్తూ గౌరి నోరు తన కొంగుతో తుడిచింది.

మర్నాడు ఆదివారం. డాక్టరు లేరు. మామ్మ ఒక చీటీ తెచ్చి ఇచ్చింది. ఝాన్సీ చదవకుండానే జేబులో వేసుకుంది.

సోమవారం గౌరి లేవలేదు.

డాక్టరు రక్తం తీయించారు. రిపోర్టు చూసి తలెత్తారు. "లిథియం విషమైపోయింది. అమ్మా, ఈ పిల్ల ఉప్పు తింటోందా?"

"ఒక్క రవ్వ కూడా ముట్టనివ్వలేదు బాబూ," అంది తవిటమ్మ, మెచ్చుకుంటారని.

పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే గౌరి దారిలోనే పోయింది.

ఝాన్సీ చివరి మంచం దగ్గరికి పరుగెత్తింది. దుప్పటి మడతపెట్టి ఉంది.

"మామ్మేదీ?"

"పొద్దున్నే పోలీసులొచ్చి ఏదో హోముకి తీసికెళిపోయారు," అంది ఆయా ఉష. "ఏ ఊరో సెప్పలేదు. అందరి కూట్లో సెయ్యి పెడతందని మీరే రాసారు కదండీ!"

ఇంటికి వెళ్ళాక ఝాన్సీ చీటీ విప్పింది.

'ఉప్పు మానితే ఒళ్ళు లిథియాన్ని బయటికి పోనివ్వదు. వణుకు, వాంతి కనిపిస్తే బిళ్ళ ఆపి రక్తం తీయాలి.'

కింద రెండు గీతలు. గీత చివర చిన్న కొక్కెం.

ఈ మాట ఎప్పుడో చదివింది. ఐదు మార్కుల ప్రశ్న. రాసింది, మరిచిపోయింది.

అటక మీంచి నర్సింగు కాలేజీ నాటి చేతిరాత జిరాక్సు నోట్సు దింపింది. మెదడు గురించి, మనసు జబ్బుల గురించి అంత తేలిగ్గా చెప్పిన పుస్తకం వేరే లేదు. సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చింది. అది చదివే అందరూ పాసయ్యారు.

మొదటి పేజీలో తను బట్టీపట్టిన వాక్యం: 'మనసు జబ్బు కూడా ఒంటి జబ్బే. రోగి చెప్పేది పూర్తిగా వినండి.'

దాని కింద అవే రెండు గీతలు, అదే కొక్కెం.

ఎన్నో జిరాక్సుల్లో మసకబారిన పేరును లైటు కింద పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది: జ్ఞానసుందరి, సైకియాట్రీ నర్సింగు టీచరు.