తలసుత్తు

జనవరి పదకొండు, శనివారం. అవరెకాళ్ల ఉప్పిట్టు, అదే అనపగింజల ఉప్మా, తినొచ్చి, డాక్టర్ గీతాంజలి కాడుగోడిలోని తన క్లినిక్కు గేటు దగ్గర ఫిర్యాదుల పెట్టె తెరిచింది.

ఒక్కటే చీటీ. పేరు లేదు.

"డాక్టరమ్మది కాకినాడ. మా మాట తెలీదు. తలసుత్తు అంటే సుత్తితో కొట్టినట్టు తలనొప్పి కాదు. తల తిరగడం."

ఒళ్లు మండింది. ఆ వెంటనే గుర్తొచ్చింది. తలసుత్తన్న ఎల్లమ్మకు తను నిన్న రాసింది తలనొప్పి మాత్రలే.

పిలిపించి చూస్తే బీపీ బాగా పడిపోయి ఉంది. పాత బీపీ మాత్ర ఎక్కువైంది. తగ్గించింది.

నాలుగో రోజు ఎల్లమ్మ నవ్వుతూ వచ్చింది. "ఇప్పుడు నేల కదలకుండా ఉండాదమ్మా."

ఇక శనివారమొస్తే పెట్టెలో కొత్త చీటీ, గీతాంజలికి పండగే.

"సుస్తు అంటే జబ్బు కాదు, నీరసం."

"మాత్రలు సాకు అంటే వంక చెప్పినట్టు కాదు. చాలు అని."

మాటలన్నీ పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించింది. వేరే డాక్టర్లొచ్చి ఫోటోలు తీసుకున్నారు.

ఆ హడావుడిలోనే వాచ్‌మన్‌తో అంది. "దేవరాజ్, ఆ పెద్దాయన టోకెన్ లేకుండా వారం వారం బెంచీ మీద కూర్చుంటున్నాడు. రోగులకే చోటు లేదు. పంపించెయ్."

తర్వాతి శనివారం చీటీ: "నాకింక బెంచీ లేదు. మిగతా మాటలు నువ్వే అడిగి తెలుసుకోమ్మా."

"ఆయన పేరేంటి దేవరాజ్?"

"ఆయప్పా? నరసింహప్ప మేడమ్. స్టేషన్ వెనక మిద్దె మీద ఉండాడు."

సాయంత్రం మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. దండ వేసిన ముసలమ్మ పటం ముందు ఆయన దీపం వెలిగిస్తున్నాడు.

"బాబాయిగారూ, తప్పయిపోయింది. మీరు రావాలండీ. బెంచీ కాదు, నా పక్కనే కుర్చీ వేయిస్తాను."

"నాకెందుకు తల్లీ. నేర్చుకుంటాండావు, అది సాకు."

"చాలు అనేగా?" నవ్వేసింది. "ఇంతకీ ఎప్పుడూ చూపించుకోలేదు మీరు. నాకు తలసుత్తు తెలీదని ఎలా కనిపెట్టారు?"

పటం వెనకనుంచి మడిచిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదొక్కటి పెట్టెలో వెయ్యలేకపోతిని. మెట్లు చూసి దిగు తల్లీ. ఒకరు పడిన మెట్లు."

చప్పుడు కాకుండా తలుపు మూసి, లోపల గడియ పెట్టుకున్నాడు.

మెట్ల దీపం కింద ఆమె మడత విప్పింది: "డిసెంబరు 20. పిల్లమ్మ, నరసింహప్ప భార్య. తలనొప్పి" అని మందుల చీటీ మీద తన చేతిరాతే.